వెనక తలుపు పద్ధతి

బ్యాగు సర్దడం ఎప్పుడూ అక్క పనే. చెల్లెలు ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఎంత చదువు చదివినా, తను కూడా టీచరై పదిమందికి పాఠాలు చెప్పినా సరే, ప్రయాణం అనేసరికి మంచం మీద బ్యాగు తెరిచిపెట్టి, పక్కన పొట్టి స్టూలు లాక్కుని అక్క కూర్చోవాల్సిందే. అడుగున బరువైనవి, మధ్యలో మెత్తనివి, పైన దారిలో చేతికి అందాల్సినవి. మడతలన్నీ ఒకే వైపుకి. చెల్లెలు తనంతట తాను ఏదైనా కుక్కితే అక్క ఒక్క మాటా అనకుండా బయటికి తీసేది, దులిపి మళ్ళీ మడిచేది, మళ్ళీ పెట్టేది.

ఆ ఆదివారం కూడా అక్క ఒక్క మాటా అనలేదు. కాకపోతే ఈసారి ఊరుకోవడం వేరుగా ఉంది.

మధ్యలో ఏ వారమైనా తప్పిపోయినవారి కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెబుతాను. ఏళ్ళ తరబడి ప్రాథమిక పాఠశాలలో అవే పాఠాలు చెప్పి చెప్పి విసిగిపోయిన చెల్లెలు, ఉద్యోగానికి సెలవు పెట్టి, విద్యాశాస్త్రంలో ఆనర్స్ రీసెర్చ్ డిగ్రీలో చేరింది. ఏడాదిలో ఒక ప్రశ్న పట్టుకుని దాని వెంటపడాలి, చూసింది చూసినట్టు థీసిస్ రాసి ఇవ్వాలి. ఆమె పట్టుకున్న ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. మొదటిసారి బడికి వచ్చిన పసిపిల్లలు తల్లిని ఎలా వదులుతారు? వదిలించే టీచరు ఏం చేస్తుంది? ఇందుకు చూడాల్సిన తరగతి కోసం ఆమె ఎక్కడికీ పోలేదు. తల్లి లేని ఇంట్లో తనను పెంచి పెద్దచేసిన అక్కే ఆ ఊరి బడిలో చిన్నపిల్లల తరగతి టీచరు. ఒక టర్ము అంతా ఆ తరగతిలో మూల కుర్చీ వేసుకుని కూర్చుంది. సెలవుల్లో అక్క ఇంట్లోనే థీసిస్ పూర్తి చేసింది. చివరి వాక్యం రాసి, టేబుల్ మీద తల వాల్చి తనలో తను నవ్వుకుంటున్న ఆమెను పోయిన వారం అలాగే వదిలేసి వచ్చాం. మర్నాడు సోమవారం. యూనివర్సిటీలో థీసిస్ ఇచ్చే రోజు అదే, ఇక్కడ బడులు తెరిచే రోజూ అదే.

చెల్లెలు గుమ్మానికి ఆనుకుని టీ తాగుతూ అక్కను చూస్తోంది. కిటికీ బోసిపోయి కనిపించింది. కాసేపటికి గాని ఎందుకో తట్టలేదు.

"కుండీలేవక్కా?"

"పక్కింటావిడకి ఇచ్చాను."

"అన్నీనా? పసిపాపల్లా చూసుకునేదానివి కదా!"

"నీళ్ళు పోయలేకపోతున్నా."

అక్క కాళ్ళకు బయటికి వేసుకునే చెప్పులున్నాయి. ఇంట్లో చెప్పులతో ఎవరు తిరిగినా ఊరుకునే మనిషి కాదు. చెల్లెలు వాటివైపు చూడడం గమనించి అక్కే చెప్పింది. "నేల చల్లగా ఉంది."

"నోటికి కూడా చలేసినట్టుంది. పొద్దుట్నుంచి తాళం వేసి పెట్టావు. తాళంచెవి ఎక్కడ పారేశావో చెప్తే వెతుక్కొస్తా."

మామూలుగా అయితే ఈపాటికి ఓ మొట్టికాయ పడేది. అక్క స్వెటర్ చేతులు వెనక్కి మడిచి, దాన్ని బ్యాగులో పెట్టి, పైన అరచేత్తో సాపు చేసింది.

"రేపట్నుంచి నాకు చిన్నపిల్లల క్లాసు లేదు," అంది.

అది వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా అంది. చెల్లెలికి ముందు అర్థం కాలేదు. "అంటే? పై క్లాసుకి మార్చారా?"

"స్టోర్ రూముకి. సుద్దముక్కలు, చీపుర్లు, కాళ్ళు విరిగిన బల్లలు. శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ కబురుపెడితే వెళ్ళాను. కుర్చీ చూపించింది. ఇన్నేళ్ళలో ఆవిడ నాకు కుర్చీ చూపించడం అదే మొదలు. కూర్చోమంటున్నప్పుడే అనుకున్నా, ఇది లేవగొట్టడానికేనని." అక్క ఇంకో మడత అందుకుంది. "పైగా ఓ జోకు కూడా వేసింది. అక్కడ మీకు ఏడ్చేవాళ్ళెవరూ ఉండరు మేడమ్, అని."

చెల్లెలు టీ కప్పును కిటికీ గట్టు మీద, కుండీలు లేని చోట పెట్టింది.

"ఎందుకలా చేసింది?"

"నన్నడుగుతున్నావా?"

అంతే. అక్క గొంతు పెంచలేదు. కానీ ఆ ఒక్క ముక్కకే చెల్లెలి మొహంలో రంగు మారింది.

యూనివర్సిటీలో అనుమతుల కమిటీ అని ఒకటుంటుంది. మనుషుల మీద పరిశోధన చేసే ప్రతివాళ్ళూ దానికి జవాబు చెప్పుకోవాలి. బడిలో కూర్చోనిచ్చినందుకు, చూసిందాని సారాంశం థీసిస్ ఇచ్చేముందు బడివాళ్ళకి అందజేయాలన్నది వాళ్ళు పెట్టిన షరతు. చాలామంది మొక్కుబడిగా నాలుగు మర్యాద వాక్యాలు రాసి ఇచ్చేస్తారు. చెల్లెలికి అలాంటివి రావు. కళ్ళారా చూసినవన్నీ విడమరిచి రాసి, శ్రద్ధగా తీసుకెళ్ళి హెడ్‌మిస్ట్రెస్ చేతిలో పెట్టి వచ్చింది. మంచి పని చేశానని కూడా అనుకుంది.

"అక్కా, నీ పేరు ఎక్కడా రాయలేదు. ఒట్టు. బడి పేరు లేదు, ఊరి పేరు లేదు. అనుభవం ఉన్న ఒక టీచరు అన్నాను, అంతే. అది రూలు. ఎవరినీ గుర్తుపట్టేలా రాయకూడదు."

"మా బడిలో చిన్నపిల్లల తరగతులు ఎన్నే?"

చెల్లెలు చూపు తిప్పుకుంది.

"చెప్పవే. పెద్ద చదువు చదువుతున్నావుగా."

"ఒకటి."

"దానికి టీచర్లు?"

"ఒక్కరే."

"వీధికి ఒకే ఇల్లుంటే నంబరు వెయ్యకపోతే మాత్రం ఉత్తరం దారి తప్పుతుందా? నా చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళినట్టు తీసుకెళ్ళి ఆవిడ గుమ్మంలో దింపావు."

ఇంత చదివిన మనిషికి, థీసిస్ రాయించే గైడుకి, ఆ కమిటీలో కూర్చున్న అంతమందికి ఈ చిన్న సంగతి ఎందుకు తట్టలేదో! పేరు తీసేస్తే మనిషి మాయమైపోతుందని అందరూ నమ్మారు. చెల్లెలికి తల తీసేసినట్టయింది. స్టూలు పక్కనే నేల మీద కూలబడింది.

"నేను వెళ్ళి మాట్లాడతాను. ఆవిడ తప్పుగా అర్థం చేసుకుంది. నేను నిన్ను తప్పుపట్టలేదు. పద్ధతి గురించి రాశాను."

"నా పద్ధతి వేరూ, నేను వేరూనా?"

ఆ పద్ధతి ఏమిటో కూడా చెప్పాలి. బడిలో దాన్ని వెనక తలుపు పద్ధతి అనేవాళ్ళు, మెచ్చుకోలుగానే. కొత్త పాపను తీసుకుని తల్లి ముందు తలుపులోంచి వస్తుంది. పొట్టి బల్ల మీద పాపను కూర్చోబెట్టుకుంటుంది. అక్క తొందరపడదు. ఎదురుగా కూర్చుని, ఒళ్ళో చెక్కపెట్టె పెట్టుకుని, మెల్లగా మూత తీస్తుంది. నిండా రంగురంగుల పూసలు. పాప ముందు చూస్తుంది, తరవాత వంగుతుంది, తరవాత చెయ్యి పెడుతుంది. వేళ్ళు పూసల్లో మునిగిన క్షణాన అక్క తన చెవి తమ్మెను ఒకసారి ముట్టుకుంటుంది. అది తల్లికి సైగ. తల్లి లేచి, అడుగు చప్పుడు కాకుండా వెనక తలుపులోంచి వెళ్ళిపోతుంది. వెళ్ళొస్తానని చెప్పడం ఉండదు. పాప తలెత్తేసరికి పక్కన ఖాళీ. ఇంకా నోరు తెరవకముందే అక్క ఒళ్ళో ఉంటుంది. మిగతా బడుల్లో మొదటి నెలంతా గేటు దగ్గర సంత గోలలా ఉంటే, అక్క తరగతి నిశ్శబ్దంగా ఉండేది. పై అధికారులు వచ్చి చూసి చప్పట్లు కొట్టి వెళ్ళారు.

"ఇన్నేళ్ళుగా నా తరగతిలో ఏడుపు వినపడలేదు," అంది అక్క. "అది రాశావా?"

"రాశాను. మొదటి పేజీలోనే రాశాను."

"ఆ తరవాత?"

"ఆ తరవాత చూసింది రాశానక్కా. ఏడవకపోవడం వేరు, బెంగ లేకపోవడం వేరు. నీ పిల్లలు ఏం చేస్తారో నీకు తెలీదు. నువ్వు వాళ్ళకి ఎదురుగా ఉంటావు, నేను మూల నుంచి చూశాను. బొమ్మలిచ్చినా, రంగులిచ్చినా, అందరూ గోడకి వీపు ఆనించి, వెనక తలుపు కనిపించేలా కూర్చుంటారు. ఒక్కడంటే ఒక్కడు దానికి వీపు పెట్టి కూర్చోడు. పడుకోమంటే కళ్ళు మూసుకోరు. ఆ జుట్టు రింగుల పిల్ల ఉంది చూడు, బాత్రూమ్‌కి వెళ్ళదు. ఎందుకనుకుంటున్నావు? ఆ తలుపు పక్కనుంచి వెళ్ళాలి గనక. పూసల పెట్టె తీస్తే ఆ పిల్ల ముందు వాళ్ళమ్మ కొంగు పట్టుకుంటుంది, తరవాతే పూసలు చూస్తుంది. అది నేర్చేసుకుంది అక్కా. ఏదైనా అందమైంది చూపిస్తున్నారంటే, ఎవరో వెళ్ళిపోతున్నారని."

చెప్పేకొద్దీ చెల్లెలి గొంతులో వణుకు పోయింది. తనకు బాగా తెలిసిన పాఠం చెబుతున్నప్పుడు టీచర్లకు వచ్చే ధాటి వచ్చింది. అది అక్క గమనించింది.

"బాగా చెప్పావు. నిన్ను పరీక్ష చేసేవాళ్ళ ముందు కూడా ఇలాగే చెప్పు." బ్యాగు పక్క జేబు జిప్పు లాగింది. "మరి మీ బడిలో తల్లులు చెప్పే వెళ్తారుగా? అక్కడ?"

"గుక్కపట్టి ఏడుస్తారు."

"ఊఁ."

"ఏడ్చి ఊరుకుంటారు. తరవాత తలుపు వంక చూడరు."

అక్క నవ్వింది. ఆ నవ్వులో పుల్లదనం తప్ప ఇంకేం లేదు. "వాళ్ళని ఓదార్చాల్సింది నువ్వు కాదు కదమ్మా. మూల కుర్చీలో కూర్చుని రాసుకోవడమేగా." తరవాత, అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగింది. "మోసం అని రాశావట. హెడ్‌మిస్ట్రెస్ వేలు పెట్టి చూపించింది. ఆ టీచరు చేసేది మెత్తని మోసం, అని. ఆ మాట నీదేనా?"

చెల్లెలు పొద్దుటినుంచి లోలోపల భయపడుతున్నది దీనికే. అది ఆమెకూ ఇప్పుడే తెలిసింది.

"నేను నేర్పు అని రాశాను. గైడు మేడమ్ మార్చారు. థీసిస్ అన్నాక వాదన పదునుగా ఉండాలి, ప్రేమలేఖలా ఉండకూడదు అన్నారు."

"నువ్వు తిరిగి మార్చావా?"

"లేదు."

"చదివినప్పుడు నీకూ పదునుగానే అనిపించి ఉంటుంది," అంది అక్క.

చెల్లెలు తలొంచుకుంది. అదీ నిజమే. ఆ మాట పడ్డాక పేజీ అంతా వెలిగినట్టనిపించింది. ఆ రోజు గైడు భుజం తట్టి, ఈ అధ్యాయానికి ఫస్ట్ క్లాసు ఖాయం అంది. బస్సులో ఇంటికొస్తూ అక్క మొహం ఒక్కసారి కూడా గుర్తురాలేదు.

అక్క బ్యాగు వదిలి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "చూడు పిచ్చుకా," అంది.

పిచ్చుక అన్నది చిన్నప్పటి ముద్దుపేరు. అక్క దాన్ని రెండు సందర్భాల్లోనే వాడుతుంది. జ్వరం వచ్చినప్పుడు, ఏదైనా అడగాల్సి వచ్చినప్పుడు.

"నువ్వు మొదలుపెట్టేటప్పుడు నాకో కాగితం చదివి వినిపించావు, గుర్తుందా? ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, నా గురించి రాసిందంతా తీసేస్తారు అని. నేను నవ్వాను. నీ దగ్గర నాకు కాగితాలెందుకే అన్నాను."

"గుర్తుంది."

"థీసిస్ ఇచ్చేదాకా ఆ హక్కు ఉంటుందన్నావు."

"రేపు పొద్దున్నదాకా," అంది చెల్లెలు. అక్క తరగతిలో కూర్చుని చూసింది తీసేస్తే థీసిస్‌లో మిగిలేది ముందుమాట, చివర ధన్యవాదాలు. డిగ్రీ రాదు. సెలవు దండగ. మళ్ళీ అదే బడి, అవే పాఠాలు, ఇక ఎప్పటికీ. "తప్పుకుంటున్నావా?"

"నేనెందుకు తప్పుకోవాలి? నేనేం తప్పు చేశాను తప్పుకోవడానికి? నువ్వే తీసెయ్."

"అదేంటక్కా! ఒక్కమాట అను, వద్దు అను చాలు, తీసేస్తాను. నాకు వేరే దారి ఉండదు. నువ్వనకుండా నేనెలా తీస్తాను?"

"నేనంటే రూలు. నువ్వు తీస్తే..." అక్క ఆగింది. ఆ రెండో మాట ఆమె నోటికి రాలేదు. చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనలేదు. "నీకై నువ్వు తీస్తే హెడ్‌మిస్ట్రెస్ మొహాన కొట్టొచ్చు. చెల్లెలే పొరపాటు పడ్డానని తీసేసుకుంది అని."

"నేను పొరపాటు పడలేదు."

"పడలేదా?"

"పేరు విషయంలో పడ్డాను. నీ కాళ్ళు పట్టుకుంటాను దానికి. కానీ పిల్లల విషయంలో పడలేదు. నాకు తెలుసు అది ఎలా ఉంటుందో." ఇక ఆపుకోలేకపోయింది. "ఎందుకు తెలీదు? నేనూ అలాగే కూర్చుంటాను. ఏ గదికి వెళ్ళినా తలుపు కనిపించే కుర్చీ వెతుక్కుంటాను. గైడు గదిలో కూడా. ఎందుకో నాకు తెలిసేది కాదు. నీ తరగతిలో ఆ పిల్లల్ని చూసేదాకా తెలీలేదు. పక్కింటి కట్టెల షెడ్డులో పిల్లి పిల్లల్ని పెట్టింది. నువ్వు నన్ను చంకనేసుకుని చూపించడానికి తీసుకెళ్ళావు. మనం తిరిగొచ్చేసరికి అమ్మ లేదు."

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

నాన్న పోయాక ఇల్లు గడవక, వాళ్ళ అమ్మ దూరపు ఊళ్ళో ఒక హాస్టల్లో వంటపనికి కుదిరి వెళ్ళింది. చెల్లెలికి అప్పుడు నాలుగేళ్ళు. అక్క టీచర్ ట్రైనింగ్‌లో ఉంది. సెలవులకి వస్తానన్న మనిషి, మరుసటి ఏడు అక్కడే జ్వరంతో పోయింది. కబురొచ్చేసరికి అంతా అయిపోయింది. ఇంత వరకు ఇద్దరికీ తెలిసిన కథే.

"పిల్లిపిల్లలు నీకు గుర్తున్నాయన్నమాట," అంది అక్క.

"ఎన్నాళ్ళో ఆ షెడ్డు ముందే కూర్చున్నాను. అమ్మ అందులోంచి వస్తుందేమోనని. అమ్మకి నేను అక్కర్లేకపోయాను కాబోలు, చెప్పకుండా పోయిందనుకున్నాను. పెద్దయ్యాక కూడా అనుకున్నాను."

"అమ్మ చెప్పే వెళ్దామనుకుంది."

చెల్లెలు తలెత్తింది.

అక్క ఆమెవైపు చూడలేదు. బ్యాగులో సర్దిన బట్టలవైపే చూస్తూ, వాటికి చెబుతున్నట్టు చెప్పింది. "ఆ ఏర్పాటు అమ్మదే. పాప ఏడిస్తే నేను కదల్లేను, నువ్వు దాన్ని ఎక్కడికైనా తీసుకెళ్ళు, అది ఆటలో పడగానే చెవి ముట్టుకో, నేను చూసి వెళ్ళిపోతాను అంది. అలాగే చేశాను. షెడ్డు గుమ్మంలో నిలబడి చెవి ముట్టుకున్నాను. అమ్మ వెనక తలుపులోంచి బయల్దేరింది. సందు మలుపు దాకా పోయింది. అక్కడ బ్యాగు కింద పెట్టేసింది. పెట్టేసి, వెనక్కి రావడం మొదలెట్టింది."

"వెనక్కా?"

"నీ దగ్గరికి. ఒక్కసారి ఎత్తుకుని, వెళ్ళొస్తానని చెప్పి పోదామని. నోటితో అనలేదు. కానీ నడకే చెప్పింది. అంత వేగంగా ఎప్పుడూ నడవలేదు అమ్మ." అక్క వేళ్ళు బ్యాగు జిప్పు మీదికి వెళ్ళాయి. "నేను మళ్ళీ చెవి ముట్టుకున్నాను. గట్టిగా. పొమ్మని. అమ్మ అక్కడే ఆగిపోయింది. నన్నలా చూసి, వెనక్కి తిరిగి, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది."

"ఎందుకక్కా?"

"నువ్వు నవ్వుతున్నావే."

అక్క బ్యాగులోని బట్టల్ని మళ్ళీ అరచేత్తో సాపు చేసింది.

"ఓ పిల్లిపిల్ల నీ వేలు నాకుతోంది. నువ్వు పగలబడి నవ్వుతున్నావు. నాన్న పోయాక నువ్వు అలా నవ్వడం అదే మొదలు. దాన్ని చెడగొట్టాలనిపించలేదు. ఆ తరవాత ఏ పిల్ల నవ్వూ చెడగొట్టలేదు నేను. ఇన్నేళ్ళూ అదే చేశాను. దానికి నువ్వు పెట్టిన పేరు మోసం."

తప్పయిపోయిందని అక్క అనలేదు. క్షమించమనీ అనలేదు. న్యాయంగా చేసిన పనిని నెమ్మదిగా చెబుతున్న మనిషిలా చెప్పింది, అంతే. అదే చెల్లెలికి ఒళ్ళు మండించింది. చెప్పే మాట ఉండి, చెప్పడానికి వెనక్కి వచ్చిన తల్లిని, గుమ్మంలో నిలబడి ఒక వేలితో తిప్పి పంపిన మనిషి! ఇంత జీవితం, తలుపుల వంక చూస్తూ గడిపిన ఇంత జీవితం, ఒక చెవి తమ్మె మీద వేలు!

"ఇప్పుడసలు తీయను," అంది.

"ఏమన్నావు?"

"తీయను అక్కా. ఒక్క అక్షరం తీయను. నీకు వద్దనిపిస్తే నువ్వు అను, నీ హక్కు అది. నా అంతట నేను మాత్రం తీయను."

అక్క ఆమెను చూసింది. చాలాసేపు చూసింది. కొత్త పాప బల్ల మీద కూర్చున్నప్పుడు, ఇది ఏడ్చే రకమా, బిగబట్టే రకమా అని అంచనా వేసే చూపు అది. తరవాత లేచి నిలబడి, బ్యాగు జిప్పు చివరిదాకా లాగింది. ఇస్త్రీ చేసిన ఇంకో జత బట్టలు మంచం మీదే ఉండిపోయాయి. అవి చెల్లెలివి కావు.

"సరే," అంది. "ఉంచుకో. నేను వద్దనను."

"అక్కా..."

"రాసేదేదో పూర్తిగా రాయి. పిల్ల నవ్వుతోందని కూడా రాయి."

బయట టాక్సీ హారన్ మోగింది. బస్టాండుకి తీసుకెళ్ళడానికి రమ్మని చెల్లెలు పొద్దున్నే చెప్పి ఉంచిన టాక్సీ. ఇద్దరికీ ఆ చప్పుడు కాస్త మేలే చేసింది. చేతులకి పని దొరికింది. అక్క మంచినీళ్ళ సీసా నింపి తెచ్చింది. రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చింది. డ్రైవరు టాక్సీ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "త్వరగా కానివ్వండమ్మా, బస్సు మనకోసం ఆగదు," అన్నాడు.

"ఆగుతుంది, నువ్వు ఆగు," అంది అక్క. అతను నవ్వి తల వెనక్కి తీసుకున్నాడు.

ముందు గదిలో పొట్టి స్టూలు వేసి అక్క చెల్లెల్ని కూర్చోమంది. "చెప్పులు వేసుకునేలోపు ఒక్కటి చూడు. శుక్రవారం తరగతి ఖాళీ చేసేటప్పుడు తెచ్చేశాను. స్టోర్ రూములో దానికేం పని? నీ దగ్గర ఉంచు."

చెల్లెలి ఒళ్ళో పెట్టింది. పూసల పెట్టె.

ఇంత దగ్గరగా ఆమె దాన్ని ఎప్పుడూ చూడలేదు. మూల కుర్చీ నుంచే చూసింది. మూత అంచులు చిన్న చిన్న వేళ్ళకి అరిగి నున్నబడ్డాయి. మూత తీసింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, అడుగున ఎక్కడో నీలం. పెట్టె కొంచెం వంచితే పూసలన్నీ ఒక వైపుకి జారి, వానచినుకులు రేకు మీద పడ్డట్టు చప్పుడు చేశాయి. ఆ చప్పుడు మూల నుంచి విన్నప్పుడు ఇంత బాగుండేది కాదు. ఆమెకు తెలియకుండానే చెయ్యి పెట్టింది. చల్లగా, నున్నగా వేళ్ళ సందుల్లోంచి జారాయి. ఒక పూస మీద పంటిగాట్లున్నాయి. ఎవరివో. ఇప్పుడు ఎంత పెద్దవాళ్ళయ్యారో. ఎంతమంది ఇందులో చెయ్యి పెట్టారు, ఎంతమంది ఇందులోంచి తలెత్తారు! ఆ జుట్టు రింగుల పిల్లకి రేపు ఈ పెట్టె కనిపించకపోతే ఏమనుకుంటుంది? ఏమో, సంతోషిస్తుందేమో. లేకపోతే వెతుక్కుంటుందేమో. అడుగునున్న నీలం పూస కోసం ఇంకా లోపలికి చెయ్యి పోనిచ్చింది.

అలా పూసల్లో వేళ్ళు తిప్పుతుండగా కోపం ఎక్కడో ఒకచోట సన్నగిల్లింది. అక్షరం తీయనన్న పంతం అలాగే ఉంది. అయినా ఆ ఒక్క మాట మార్చొచ్చు. అది తన మాట కానే కాదు. రేపు పొద్దున్న ఇచ్చేముందు, గైడు ఏమనుకున్నా సరే, నేర్పు అనే రాస్తుంది. ఫస్ట్ క్లాసు పోతే పోనీ. ఆ సంగతి ఇప్పుడే చెప్పాలి. చెప్పి, ఒకసారి గట్టిగా పట్టుకుని, వెళ్ళొస్తానని నోరారా అని బయల్దేరాలి.

"అక్కా, ఆ మాట..." అంటూ తలెత్తింది.

ఎదురుగా ఎవరూ లేరు.

నీళ్ళ సీసా, రొట్టె పొట్లం బ్యాగు మీద పొందిగ్గా ఉన్నాయి. వంటింట్లోకి వెళ్ళిందేమో అనుకుంది. పిలిచింది. మళ్ళీ పిలిచింది. అప్పుడు గుర్తొచ్చింది, పెట్టె ఒళ్ళో పెట్టి వంగిన అక్క నిటారుగా లేస్తూ, చెవి తమ్మెను ఒకసారి ముట్టుకుంది. ఆ గదిలో సైగ అందుకోవాల్సిన మనిషి ఎవరూ లేరు. ఆ సైగ అక్క తనకి తనే ఇచ్చుకుంది.

చెల్లెలు లేచిన విసురుకి పూసలు నేలంతా దొర్లాయి. వాటి మీదే నడుస్తూ, జారుతూ, పడగది గుమ్మం దాకా వెళ్ళింది. మంచం మీద ఇస్త్రీ బట్టల జత లేదు. వంటింటి అవతల వెనక తలుపు గడియ తీసి ఉంది. తలుపు గాలికి కొంచెం తెరుచుకుని, కొంచెం మూసుకుంటోంది. సందు ఇటువైపూ ఖాళీ, అటువైపు మలుపు దాకా ఖాళీ. మలుపు దగ్గర ఎవరూ బ్యాగు కింద పెట్టి నిలబడలేదు. ఎవరూ వెనక్కి రావడం లేదు.

ముందు వైపు టాక్సీ హారన్ మళ్ళీ మోగింది.

అక్క ఆ ఇంటికి తిరిగి రాలేదు. మర్నాడు బడికీ రాలేదు. ఆమె వెళ్ళింది బడులు తెరిచే ముందు వచ్చిన ఆదివారం, మధ్యాహ్నం, ముందు గదిలో ఇంకా ఎండ ఉండగానే.